ఆదివారం మ్యాచ్ పడితే ఏం చేయాలి? ఆడే పిల్లల్ని విశ్వాసంలో పెంచే పద్ధతి

బ్యాటు మీద సిలువ స్టిక్కర్ అంటించడం, వికెట్ తీయగానే ఆకాశం వైపు వేలు చూపించడం పిల్లలు టీవీ చూసి వాళ్లే నేర్చుకుంటారు. మీరు నేర్పాల్సింది అంపైర్ చూడని చోట ఏం చేయాలో. నేలకు తగిలిన క్యాచ్, ఫారం మీద రాసే పుట్టిన తేదీ, బెంచీ మీద కూర్చోబెట్టిన రోజు ముఖం ఎలా పెట్టాలి, ఆదివారం గురించి కోచ్‌తో ఎలా మాట్లాడాలి, ఇలాంటివి. మ్యాచ్ అయ్యాక ప్రసంగం చేస్తే ఇవి రావు, ముందే సాధన చేయించాలి. 8 నుంచి 16 ఏళ్ల పిల్లలున్న తల్లిదండ్రుల కోసం, సండే స్కూల్ టీచర్ల కోసం ఈ వరస.

ఆటలు లోకసంబంధమైనవని అనుకునే పెద్దలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. తాతయ్య అలా అంటే వాదన పెట్టుకోకండి. 1891లో బాస్కెట్‌బాల్, 1895లో వాలీబాల్ పుట్టింది అమెరికాలో క్రైస్తవ యువకుల సంఘమైన వైఎంసీఏ వాళ్ల చేతుల్లోనే అని చెప్పండి. మన దేశంలో పీఈటీలకు చదువు చెప్పే మద్రాసు వైఎంసీఏ కాలేజీని 1920లో పెట్టిందీ వాళ్లే. పౌలు కూడా కొరింథీయులకు (మొదటి పత్రిక 9:24–27) పందెపు రంగం లెక్కలోనే మాట్లాడాడు.

మొదటి పని: సీజన్‌కు ముందే ఆదివారం సంగతి తేల్చుకోండి

విశాఖలో పిల్లల టోర్నీలు ఎక్కువగా ఆదివారం పొద్దున్నే పడతాయి. స్కూలు ఉండదు, గ్రౌండ్ దొరుకుతుంది, అంపైరింగ్ చేసేవాళ్లకు ఆఫీసు ఉండదు. మీ ఆరాధనా అప్పుడే. గొడవ వస్తుందని ముందే తెలుసు కాబట్టి జూన్‌లో స్కూలు తెరిచిన వారంలోనే ఒక కాగితం తీసుకుని కూర్చోండి.

కాగితానికి ఎడమ పక్క మీ సంఘంలో ఆరాధన వేళలన్నీ రాయండి. పెద్ద సంఘాల్లో తెల్లవారి ఒకటి, తర్వాత ఒకటి, సాయంత్రం ఒకటి ఉంటాయి. కథోలికులైతే శనివారం సాయంత్రం పూజలో పాల్గొన్నా ఆదివారపు బాధ్యత తీరినట్టే. శనివారం విశ్రాంతి దినం పాటించే అడ్వెంటిస్టు కుటుంబాలకు చిక్కు శుక్రవారం సూర్యాస్తమయం నుంచి మొదలై శనివారం సూర్యాస్తమయంతో తీరుతుంది. కుడి పక్క ప్రాక్టీసు వేళలు, టోర్నీ తేదీలు రాయండి. ప్రయాణం కూడా లెక్కేయండి. గాజువాకలో ఇల్లు, పీఎం పాలెంలో మ్యాచ్ అయితే ఎన్ఏడీ జంక్షన్ దాటి అవతలికి చేరడానికే గంట పైన పోతుంది. ఏడింటి ఆరాధన ముగించుకుని తొమ్మిదింటికి టాస్ అందుకోవడం కాగితం మీద కుదురుతుంది గానీ రోడ్డు మీద కుదరదు.

తర్వాత ఇంట్లో నిర్ణయం తీసుకోండి. కొన్ని కుటుంబాలు ఆదివారం అసలు ఆడనివ్వవు. కొన్ని పొద్దున మ్యాచ్ ఉంటే సాయంత్రం ఆరాధనకు వెళ్తాయి. కొన్ని ఏడాదికి ఇన్ని ఆదివారాలే అని లెక్క పెట్టుకుంటాయి. ఏది సరి అన్నది మీ మనస్సాక్షి, మీ సంఘం బోధ. ఏ వారానికి ఆ వారం తేల్చుకోవడం మాత్రం వద్దు. అలా చేస్తే చిన్న మ్యాచ్‌కు దేవుడు, పెద్ద మ్యాచ్‌కు కప్పు గెలుస్తాయి, పిల్లవాడు ఆ లెక్కను మీకంటే ముందు పట్టేస్తాడు.

నిర్ణయం అయ్యాక కోచ్ దగ్గరకు మీరే వెళ్లండి, పిల్లవాణ్ణి పంపకండి. మాట ఇంత చాలు: “సార్, మావాడు ఆదివారం పదకొండు దాటితే గానీ రాలేడు. ఇది మా ఇంటి పద్ధతి. ఈ కారణంగా జట్టులో చోటు దొరక్కపోతే మేమేమీ అనుకోం. మిగతా ఆరు రోజులూ అందరికంటే ముందు ఉంటాడు.” మూడో వాక్యం ముఖ్యం. ఫైనల్ ఆదివారమే ఉండే లీగ్‌లో పేరిచ్చి, ఫైనల్ నాడు జట్టును పదిమందితో వదిలేసి రావడం భక్తి కాదు. ఆడలేమని తెలిస్తే ఆ లీగ్‌లో చేరకండి.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ స్కాట్లాండ్ పరుగుల వీరుడు ఎరిక్ లిడెల్. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని ఆయన పరుగెత్తలేదు, 400 మీటర్లలో 47.6 సెకన్లతో బంగారు పతకం గెలిచాడు. పిల్లలకు చెప్పేటప్పుడు ఒక్క సంగతి వదలకండి. ఆ టైంటేబుల్ ఆయనకు నెలల ముందే తెలుసు. ముందే కాదన్నాడు, ఆ నెలలన్నీ 400 మీటర్లకు సాధన చేశాడు. శనివారం రాత్రి కోచ్‌కు ఫోన్ చేసి “బాబుకు జ్వరం సార్” అనలేదు. ఆ జ్వరం మాట మన ఇళ్లలో ఎక్కువే వినిపిస్తుంది. ఆరాధనకు వెళ్లడానికి అబద్ధం చెబితే పిల్లవాడికి ఆ రోజు గుర్తుండేది ఆరాధన కాదు.

రెండో పని: పుట్టిన తేదీ

ఇది పిల్లలకు కాదు, మీకు పరీక్ష. అండర్-14, అండర్-17, అండర్-19 అని విభాగాలు ఉన్నచోటల్లా “ఒక్క ఏడాది తగ్గించండి, ఎవరు చూస్తారు” అనే మనిషి ఒకడు ఉంటాడు. చూస్తారు. బీసీసీఐ చిన్న వయసు క్రికెటర్లకు ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి, టీడబ్ల్యూ3 పద్ధతిలో ఎముక వయసు లెక్కగడుతుంది. కానీ పట్టుబడతామనే భయం అసలు కారణం కాకూడదు. ఏడాది తగ్గించిన ప్రతి పిల్లవాడి వెనక, నిజంగా ఆ వయసున్న ఒకడు చోటు పోగొట్టుకుని ఇంటికి పోతాడు.

నిజంగానే తప్పు పడినవాళ్లూ ఉన్నారు. ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు బడిలో ఏదో జూన్ తేదీ వేసేయడం మన దగ్గర మామూలే. ఇప్పుడే సరిచేయించండి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇచ్చిన జనన ధ్రువపత్రం, ఆధార్, స్టడీ సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి తేదీ, పేరు, ఇంటిపేరు అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే జనన ధ్రువపత్రంతో హెడ్మాస్టర్ గారికి రాతపూర్వకంగా ఇవ్వండి, ఆధార్ కేంద్రంలో మార్పించండి. పదో తరగతి రికార్డులో ఎక్కకముందే ఇది అయిపోవాలి, తర్వాత తేదీ మార్పించడం చాలా కష్టం. నిజమైన తేదీ పెడితే పిల్లవాడు పై విభాగంలోకి పోయి, ఈ ఏడు ఎంపిక కాకపోవచ్చు. అలా అయితే కారణం దాచకుండా వాడికి చెప్పండి. ఆ సాయంత్రం ఇంట్లో నేర్చుకునేది ఏడాది సండే స్కూల్లో రాదు.

మూడో పని: “నాకు తగిలింది” అనడం నేర్పండి

కవర్స్‌లో కింది క్యాచ్. పిల్లవాడు ముందుకు దూకుతాడు, వేళ్లు బంతి కిందకు వెళ్లాయా, గడ్డి ముందు తగిలిందా అన్నది అర సెకను లోపల తేలిపోతుంది. అంపైర్‌కు వీపు అడ్డం. బౌలర్ అప్పటికే చేతులెత్తి పరుగెడుతున్నాడు. పదిమంది మీద పడి కౌగిలించుకునేలోపు “లేదు, నేలకు తగిలింది” అనాలి. ఆ ఒక్క క్షణంలో మాట దాటిపోతే తర్వాత చెప్పడం పిల్లలకు దాదాపు అసాధ్యం. అందుకే దీన్ని నీతిగా కాక అలవాటుగా నేర్పాలి.

టెన్నిస్ బంతితో మేడ మీదో సందులోనో ఇలా చేయించండి. మోకాళ్ల కిందుగా 20 బంతులు వేయండి. పట్టిన ప్రతిసారీ వాడే గట్టిగా “క్యాచ్” లేదా “నేల” అనాలి. మీరు ఏమీ అనకూడదు, మీ కంటికి వేరేగా కనబడినా సరే. మొదటి వారం వాడు మీ ముఖం చూసి చెబుతాడు. రెండో వారానికి బంతిని చూసి చెబుతాడు. వారానికి రెండుసార్లు, పది నిమిషాలు చాలు. షటిల్ ఆడే పిల్లలైతే సుద్దముక్కతో గీతలు గీసి, తన వైపు గీతల తీర్పు తననే చెప్పనివ్వండి. స్పష్టంగా కనబడకపోతే పాయింట్ అవతలివాడికి.

ఆట ఆటకూ తేడా ఉంది, అది మీకు తెలియకపోతే పిల్లవాణ్ణి ఇరకాటంలో పెడతారు. వాలీబాల్‌లో బ్లాక్ చేసేటప్పుడు బంతి వేలి కొసకు రాసుకుని బయట పడితే చెప్పేయాలి. తమ జట్టు తప్పును కప్పిపుచ్చకూడదని ఆ ఆట నిబంధనల్లోనే ఉంది. కబడ్డీలో రెయిడర్ చెయ్యి తగిలిన డిఫెండర్ తానే చెయ్యెత్తి బయటకు పోవడం మన ఊళ్లలో పాత మర్యాద. క్రికెట్‌లో ఎడ్జ్ తగిలిన బ్యాటర్ తనంతట తాను నడిచి వెళ్లిపోవాలని నిబంధనేం లేదు. అప్పీల్‌కు తీర్పు ఇవ్వడం అంపైర్ పని. కాబట్టి నడవమని బలవంతం చేయకండి. అది వాడు పెరిగి తేల్చుకుంటాడు. కానీ అడిగితే “తగల్లేదు” అనడం, తగలని చోట చెయ్యి రుద్దుకుంటూ నటించడం, పట్టని క్యాచ్‌ను పట్టానని అడగడం మూడూ అబద్ధాలే. అవునంటే అవును, కాదంటే కాదు (మత్తయి 5:37) అన్న వాక్యానికి గ్రౌండ్‌లో అర్థం ఇదే.

ఇలా చెప్పినందుకు జట్టువాళ్లు తిడతారు. కోచ్ కూడా తిట్టొచ్చు. ఆ రోజు ఇంటికొచ్చాక “శభాష్, సాక్ష్యం నిలబెట్టావ్” అని చుట్టాలందరికీ ఫోన్లు చేయకండి. “కష్టంగా అనిపించిందా?” అని అడిగి, వాడు చెప్పేది వినండి. పొగడ్త కోసం నిజం చెప్పడం అలవాటైతే, పొగిడేవాడు లేనిచోట ఆ అలవాటు ఆగిపోతుంది.

నాలుగో పని: ప్రార్థన ఎక్కడ, ఎంతసేపు

ఇంట్లో, షూ లేసులు కట్టుకునేటప్పుడు. ముప్ఫై నలభై సెకన్లు. పిల్లలకు మాటలు దొరకవు, మొదట్లో ఇవి అలవాటు చేయండి: “ప్రభువా, ఈ ఒళ్లు, ఈ ఊపిరి నువ్విచ్చినవి. ఉన్న శక్తినంతా పెట్టి ఆడనివ్వు. మాకూ అవతలి జట్టువాళ్లకూ దెబ్బలు తగలనివ్వకు. గెలిచినా ఓడినా నా నోరు అదుపులో ఉంచు. ఆమేన్.” ఇందులో “మమ్మల్ని గెలిపించు” లేదని గమనించారుగా. అవతలి డ్రెస్సింగ్ రూంలోనూ ఒక మేరీయో, సామ్యూలో మోకరించి ఉండొచ్చు. పిల్లవాడు తనంతట తాను గెలుపు అడిగితే ఆపకండి, అడగనివ్వండి. పెద్దవాళ్లు మాత్రం నేర్పకండి.

ఓడిపోయినప్పుడు “ప్రార్థన సరిగా చేయలేదు, అందుకే” అనే మాట ఏ నోటినుంచీ రానివ్వకండి, అమ్మమ్మ నోటినుంచి కూడా. పదేళ్ల పిల్లవాడు దాన్ని అక్షరాలా నమ్ముతాడు. తర్వాత రెండే దారులు: ప్రతి ఓటమికీ తనలో పాపం వెతుక్కోవడం, లేదా ఈ దేవుడు పనిచేయడని వదిలేయడం.

కప్పు గెలిచిన ఆదివారం పాస్టర్ గారు వేదిక మీదకు పిలుస్తారు. మంచిదే, కానీ ముందు పిల్లవాణ్ణి అడగండి. అదే సంఘంలో ఆ ఏడాది సెలక్షన్స్‌లో పోయిన పిల్లలున్నారేమో చూడండి. ఆడే పిల్లలందరినీ నిలబెట్టి ఒకే ప్రార్థన చేయమని పాస్టర్ గారికి ముందే చెబితే ఆయన కాదనరు.

ఐదో పని: కొబ్బరికాయ కొట్టేటప్పుడు

టోర్నీ మొదటి రోజు పిచ్ దగ్గర కొబ్బరికాయ కొడతారు, దసరాకు కిట్లకు పూజ చేస్తారు, బొట్టు పెడతారు. మన పిల్లలు అక్కడ తెల్లముఖం వేస్తారు, లేదా అంతకంటే దారుణంగా పక్కకు పోయి నవ్వుకుంటారు. ముందురోజే రిహార్సల్ చేయించండి. వరసలోనే, ఒక అడుగు వెనక నిలబడాలి. ఫోన్ తీయకూడదు, మాట్లాడకూడదు. బొట్టు పెట్టబోతే చిన్నగా చెయ్యి అడ్డం పెట్టి “నాకు వద్దన్నా” అనాలి, అంతే. ప్రసాదం విషయంలో సంఘాల బోధ ఒకేలా లేదు, కుటుంబాల్లోనూ లేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు ఇంట్లో కలిసి చదివి తేల్చుకోండి. తీసుకోకూడదనుకుంటే ఉపన్యాసం లేకుండా “వద్దన్నా, థాంక్స్” అంటే చాలు. పూజ అయ్యాక పిచ్ మీద పడిన పెంకులు, ముక్కలు ఏరడానికి ముందు వంగేది మీవాడే కావాలి.

కెప్టెన్ మీవాడే అయితే అందరినీ గుండ్రంగా నిలబెట్టి యేసు నామంలో ప్రార్థన చేయించకూడదు. జట్టులో అన్ని మతాల పిల్లలుంటారు, కెప్టెన్ మాట కాదనలేరు. కాదనలేనివాడి చేత చేయించింది విశ్వాసం కాదు. ఎవరైనా వచ్చి “నువ్వెందుకు తిట్టవు?” అని అడిగితే అప్పుడు చెప్పనివ్వండి. క్రిస్మస్‌కు జట్టుకంతా కేకు పంపండి, డబ్బాలో కరపత్రం పెట్టకండి.

ఆరో పని: బెంచీ మీద ఉన్న రోజు

పన్నెండో ఆటగాడికి పని జాబితా ఇచ్చి పంపండి, లేకపోతే ముఖం మాడ్చుకుని కూర్చుంటాడు. నీళ్ల సీసాలు నింపి ఉంచడం, ఓవర్ల మధ్య గ్లవ్స్ అందించడం, ఔటై వచ్చినవాడి పక్కన కూర్చుని ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా ఉండటం, కోన్లు ఏరడం, గ్రౌండ్ తడిపే తాతను పేరుపెట్టి పలకరించడం. జట్టులో షూ చిరిగినవాడు ఉంటే మీ ఇంట్లో పొట్టైపోయిన మంచి జత కోచ్ చేతికి ఇవ్వండి, ఎవరిచ్చారో చెప్పవద్దని అడగండి. సంఘం వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టకండి.

ఏడో పని: ఒళ్లు కాపాడుకోవడం

విశాఖలో ఎండ కంటే ఉక్కపోత ప్రమాదం. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. 9–12 ఏళ్ల వాళ్లు ఆడుతున్నంతసేపూ ప్రతి 20 నిమిషాలకు 100 నుంచి 250 మిల్లీలీటర్లు తాగాలి. ఇంకా పెద్దవాళ్లకు గంటకు లీటరు పైనే కావాలి. దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమే. గంట దాటి చెమటోడ్చితే ఓఆర్ఎస్ ప్యాకెట్, దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. సగం నీళ్లలో కలిపి “స్ట్రాంగ్‌గా” ఇవ్వకండి. తలకు దెబ్బ తగిలి మత్తుగా ఉన్నా, వాంతి చేసుకున్నా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రార్థన ఆటోలో చేసుకోవచ్చు.

శ్రమకాలంలో, శుక్రవారం ఉపవాస ప్రార్థనల్లో పిల్లలు కూడా ఏమీ తినబోమంటారు. ప్రాక్టీసు ఉన్న రోజు భోజనం మాన్పించకండి. ఫోనో, చిరుతిళ్లో మానేయమనండి. పిల్లల క్రీడావైద్యులు చెప్పే రెండు లెక్కలు గోడ మీద రాసి పెట్టుకోండి. వయసు ఎన్నేళ్లో వారానికి అన్ని గంటలకు మించి ఒకే ఆట సాధన వద్దు. వారంలో కనీసం ఒక రోజు పూర్తిగా విశ్రాంతి. ఆ రెండోది మనకు విశ్రాంతి దినపు ఆజ్ఞలో ఎప్పుడో వచ్చింది గానీ, ఆదివారం సాయంత్రం అదనపు నెట్స్ పెట్టించేదీ మనమే.

మే నెలలో వీబీఎస్ (సెలవుల బైబిల్ స్కూలు), సమ్మర్ కోచింగ్ క్యాంపు ఢీకొంటాయి. రెండూ వదులుకోనక్కర్లేదు. క్యాంపులు ఎండెక్కకముందు ముగుస్తాయి, మధ్యలో స్నానం, టిఫిన్‌కు గంట వదిలేలా వీబీఎస్ ఇన్‌చార్జితో మాట్లాడుకోండి. డిసెంబరు క్యారల్స్ రౌండ్స్ మాత్రం అర్ధరాత్రి దాకా సాగుతాయి. మర్నాడు పొద్దున్న మ్యాచ్ ఉంటే మొదటి మూడు ఇళ్లకు పాడి తొమ్మిదింటికి ఇంటికి వచ్చేయాలని ముందే ఒప్పందం చేసుకోండి.

భద్రత విషయంలో కోచ్ అయినా, పాస్టర్ అయినా, సండే స్కూల్ అన్న అయినా ఒకటే నియమం: మూసిన గదిలో ఒంటరిగా ఒక పెద్ద, ఒక పిల్ల ఉండకూడదు. బయటి ఊరి టోర్నీకి పంపేముందు ఎవరెవరు ఏ గదిలో పడుకుంటారో అడగండి, ఆడపిల్లలతో మహిళా కోచో, ఒక తల్లో వెళ్లాలి. ఏదైనా జరిగిందని పిల్ల చెబితే సంఘం పరువు కోసం కూర్చోబెట్టి రాజీ చేయకండి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం (2012) ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఎనిమిదో పని: ఇంటికి వచ్చే దారి

మ్యాచ్ అయ్యాక బండెక్కిన మొదటి ఇరవై నిమిషాలు మీరు నోరు విప్పకండి. అరటిపండు ఇవ్వండి, నీళ్లివ్వండి. “ఆ షాట్ ఎందుకు కొట్టావ్” అనేది వాడికి మీకంటే బాగా తెలుసు. వాడు మొదలుపెడితే వినండి. లేకపోతే రాత్రి అన్నం తిన్నాక రెండే అడగండి: “ఈరోజు ఎవరికి సాయం చేశావ్?”, “ఎవరికైనా సారీ చెప్పాల్సింది ఉందా?” ఉంటే పొద్దున్నే, వాట్సాప్‌లో కాదు, ఎదురుగా చెప్పించండి. గ్రౌండ్ అంచున నిలబడి అంపైర్ మీద అరిచింది మీరైతే ఆ సారీ మీది. పిల్లవాణ్ణి పక్కన పెట్టుకుని ఆయనకు చెప్పండి.

ఆట మానేస్తానంటే సీజన్ చివరిదాకా ఆడించండి, జట్టుకు మాట ఇచ్చాడు గనుక. దెబ్బలో, వేధింపులో కారణమైతే ఆ రోజే ఆపేయండి. మామూలుగా మానేస్తుంటే జెర్సీ ఉతికి, ఇస్త్రీ చేసి, జట్టు బంతులు లెక్కపెట్టి సంచిలో వేసి, వాడి చేతే కోచ్‌కు అప్పగించి రమ్మనండి.